రక్తంలో అమైనో ఆమ్లాలు – ఆపరేషన్ తర్వాత కాలేయం పనితీరు



మన శరీరంలోని గ్రంథులన్నిటిలో పెద్దది కాలేయం. పెద్దవారిలో దీని బరువు సుమారు 1.2 నుంచి 1.5 కిలోలు ఉంటుంది. ఉదరంలో కుడివైపు, పక్కటెముకల చాటున ఉంటుంది. కొంత భాగం కోసి తీసివేసినా మళ్లీ పెరగగల అవయవం ఇది. అందుకే కాలేయంలో గడ్డ ఉన్నప్పుడు వైద్యులు ఆ భాగాన్ని కోసి తీయగలుగుతున్నారు. బతికి ఉన్న మనిషి తన కాలేయంలో సగానికి పైగా తన వారికి దానం చేయగలుగుతున్నాడు.

అయితే ఆపరేషన్ అయిన మరునాటి నుంచి డాక్టరు ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది. మిగిలిన కాలేయం, లేదా కొత్తగా అమర్చిన కాలేయం, పని చేస్తోందా లేదా? గుండె అయితే కొట్టుకోవడం వినిపిస్తుంది. ఊపిరితిత్తి అయితే ఎదురొమ్ము కదులుతుంది. కాలేయం నిశ్శబ్దంగా పని చేస్తుంది, నిశ్శబ్దంగానే ఆగిపోతుంది. దాని పనిని రక్తంలోనే వెతకాలి. అలా వెతికే మార్గాలలో ఒకటి రక్తంలోని అమైనో ఆమ్లాలను కొలవడం. జీవరసాయన శాస్త్రం చదువుకుంటున్న మేము ఆ మార్గాన్ని పదో తరగతి, ఇంటర్ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా అర్థమయ్యేలా ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

1. అమైనో ఆమ్లాలు, కాలేయం

మనం తిన్న పప్పు, గుడ్డు, మాంసం, పాలలోని మాంసకృత్తులు పేగులలో అరిగి అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. మాంసకృత్తుల నిర్మాణంలో ముఖ్యమైనవి 20 రకాలు. ఇవి పేగుల నుంచి నేరుగా కాలేయానికి వెళ్లే రక్తనాళంలో చేరతాయి. కాలేయం వాటిలో కొన్నింటితో ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టడానికి కావలసిన మాంసకృత్తులు తయారు చేస్తుంది. మిగిలిన వాటిని విరిచి శక్తిగా, చక్కెరగా మారుస్తుంది. విరిచేటప్పుడు అమ్మోనియా పుడుతుంది. అది మెదడుకు విషం. కాలేయం దాన్ని యూరియాగా మార్చి రక్తంలోకి పంపితే మూత్రపిండాలు బయటికి నెడతాయి. ఈ యూరియా చక్రాన్ని 1932లో హాన్స్ క్రెబ్స్, కర్ట్ హెన్సెలైట్ కనుగొన్నారు.

కనుక కాలేయం దెబ్బ తింటే రక్తంలో అమైనో ఆమ్లాల లెక్క మారుతుంది. ఇది కొత్త సంగతి కాదు. 19వ శతాబ్దం మధ్యలోనే జర్మనీ వైద్యుడు ఫ్రెరిక్స్, కాలేయం వేగంగా కుళ్లిపోతున్న రోగుల మూత్రంలో ల్యూసిన్, టైరోసిన్ స్ఫటికాలను సూక్ష్మదర్శినిలో చూశాడు.

2. నిజాంసాగర్ కాలువ చెప్పే పాఠం

బాన్సువాడ పిల్లలకు కాలువ గురించి చెప్పనక్కరలేదు. మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నుంచి వచ్చే కాలువ మన ప్రాంతపు పొలాలను తడుపుతుంది. కాలువలో నీటి మట్టం ఒక రోజు ఉన్నట్టుండి పెరిగిందనుకుందాం. దానికి కారణాలు రెండు. ఒకటి, పైన తూములు ఎక్కువ ఎత్తి ఉండాలి. రెండు, కింద పొలాలు నీళ్లు తీసుకోకుండా ఉండాలి. మట్టం ఒక్కటే చూస్తే ఈ రెండింటిలో ఏది జరిగిందో తెలియదు.

రక్తం కూడా అలాంటి కాలువే. ఆపరేషన్ అయిన మనిషి శరీరం ఒత్తిడిలో ఉంటుంది. కండరాలు కరిగి అమైనో ఆమ్లాలను రక్తంలోకి వదులుతాయి. పైగా నరంలోకి ఎక్కించే సీసాలలో కూడా అమైనో ఆమ్లాలు ఉండవచ్చు. అంటే పైన తూములు ఎత్తినట్టే. అలాంటప్పుడు రక్తంలో మట్టం పెరిగినంత మాత్రాన కాలేయం పని చేయడం లేదని చెప్పలేము.

ఇప్పుడు అదే కాలువ నుంచి రెండు పిల్లకాలువలు విడిపోయాయనుకుందాం. ఒకటి ఎడమవైపు ఊరి పొలాలకు, రెండోది కుడివైపు ఊరి పొలాలకు. పైన తూము ఎత్తితే రెండింటిలోనూ మట్టం పెరుగుతుంది. కానీ కుడివైపు పొలాలు నీళ్లు తీసుకోవడం మానేస్తే ఆ ఒక్క పిల్లకాలువే నిండిపోతుంది. రెండు మట్టాలను పోల్చి చూస్తే తప్పు పైన ఉందో, కుడివైపు పొలాల్లో ఉందో తెలిసిపోతుంది. అమైనో ఆమ్లాల పరీక్షలోని కిటుకు అంతా ఇదే.

3. రెండు వర్గాల అమైనో ఆమ్లాలు

మొదటి వర్గం: శాఖాయుత అమైనో ఆమ్లాలు. వాలిన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్ అనే మూడు. వీటిని విరిచే మొదటి ఎంజైము కాలేయంలో చాలా తక్కువ, కండరాలలో ఎక్కువ. అంటే వీటిని వాడుకునేది ప్రధానంగా కండరమే.

రెండవ వర్గం: ఆరోమాటిక్ అమైనో ఆమ్లాలు. ఫినైల్ అలనిన్, టైరోసిన్ ఈ వర్గంలోవి. వీటిని విరిచేది ప్రధానంగా కాలేయం. ఫినైల్ అలనిన్‌ను కాలేయం ముందు టైరోసిన్‌గా మార్చి, తర్వాత టైరోసిన్‌ను విరుస్తుంది.

కాలేయం పని తగ్గితే రెండవ వర్గం వాడకం లేక రక్తంలో పేరుకుపోతుంది. అదే సమయంలో మొదటి వర్గం తగ్గుతుంది. ఎందుకంటే, కాలేయం వదిలేసిన అమ్మోనియాను ఇప్పుడు కండరం అందుకుని గ్లూటమిన్‌గా మారుస్తుంది. ఆ పనికి శాఖాయుత అమైనో ఆమ్లాలు ఖర్చవుతాయి. ఈ విధంగా ఒకటి పెరిగి, ఒకటి తగ్గి, రెండింటి నిష్పత్తి బాగా పడిపోతుంది.

4. ఫిషర్ నిష్పత్తి – ఒక లెక్క

అమెరికా శస్త్రవైద్యుడు జోసెఫ్ ఫిషర్ 1970వ దశకంలో ఈ నిష్పత్తిని ప్రచారంలోకి తెచ్చాడు. అందుకే దీనిని ఫిషర్ నిష్పత్తి అంటారు.

ఫిషర్ నిష్పత్తి = (వాలిన్ + ల్యూసిన్ + ఐసోల్యూసిన్) ÷ (ఫినైల్ అలనిన్ + టైరోసిన్)

ఆరోగ్యవంతులలో ఇది సుమారు 3 నుంచి 3.5 ఉంటుంది. కాలేయం బాగా చెడి మెదడు మందగించిన వారిలో 1 దగ్గరకు పడిపోతుంది. కింది అంకెలు అభ్యాసం కోసం మేము వేసుకున్నవి. లీటరు ప్లాస్మాలో మైక్రోమోళ్లుగా చదవాలి.

ఆరోగ్యవంతుడు: వాలిన్ 220, ల్యూసిన్ 120, ఐసోల్యూసిన్ 60. మొత్తం 400. ఫినైల్ అలనిన్ 55, టైరోసిన్ 60. మొత్తం 115. నిష్పత్తి 400 ÷ 115 = 3.48.

కాలేయం మందగించిన రోగి: వాలిన్ 150, ల్యూసిన్ 80, ఐసోల్యూసిన్ 40. మొత్తం 270. ఫినైల్ అలనిన్ 100, టైరోసిన్ 110. మొత్తం 210. నిష్పత్తి 270 ÷ 210 = 1.29.

ఇక కాలేయం బాగానే ఉండి, అన్నీ ఒకటిన్నర రెట్లు పెరిగిన మనిషిని తీసుకుందాం. పైన 600, కింద 172.5. నిష్పత్తి మళ్లీ 3.48. మట్టం మారినా నిష్పత్తి మారలేదు. అంటే తూము ఎత్తారు గాని పొలాలు నీళ్లు తీసుకుంటూనే ఉన్నాయి.

జపాన్‌లో దీనికి సులువు రూపం వాడతారు. కింద ఫినైల్ అలనిన్ వదిలేసి టైరోసిన్ ఒక్కటే తీసుకుంటారు. మన మొదటి మనిషికి అది 400 ÷ 60 = 6.67, రెండో మనిషికి 270 ÷ 110 = 2.45. ఎంజైములతో త్వరగా చేయవచ్చు గనుక ఈ పరీక్ష అక్కడ ఆసుపత్రులలో వాడుకలోకి వచ్చింది.

5. మామూలు పరీక్షలు చాలవా?

మన దగ్గర ఏ ఆసుపత్రిలోనైనా ఆపరేషన్ తర్వాత చూసేవి బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, ఆల్బుమిన్, ప్రోత్రాంబిన్ సమయం. ఇవే ముఖ్యమైనవి. కానీ ప్రతి దానికీ ఒక గుడ్డి కోణం ఉంది.

ఎస్‌జీపీటీ: ఇది కాలేయ కణాలు పగిలితే బయటికి వచ్చే ఎంజైము. అది చెప్పేది దెబ్బను, పనిని కాదు. ఆపరేషన్‌లో కాలేయాన్ని తాకితే చాలు పెరుగుతుంది. పగలడానికి కణాలే మిగలనప్పుడు తగ్గిపోతుంది కూడా. కాబట్టి తగ్గుదల ఎప్పుడూ శుభవార్త కాదు.

బిలిరుబిన్: పిత్తనాళం మూసుకుపోయినా, ఎక్కించిన రక్తంలోని ఎర్ర కణాలు విరిగినా పెరుగుతుంది.

ఆల్బుమిన్: ఒకసారి తయారైనది రక్తంలో సగం కావడానికి సుమారు 20 రోజులు పడుతుంది. ఈ రోజు కాలేయం ఆగిపోయినా ఆ కబురు ఆల్బుమిన్‌కు ఆలస్యంగా చేరుతుంది.

ప్రోత్రాంబిన్ సమయం: చాలా మంచి గుర్తు. దీన్ని నిర్ణయించే కారకాలలో ఏడవది కొన్ని గంటలలోనే సగమవుతుంది. అందుచేత కబురు త్వరగా వస్తుంది. అయితే రోగికి ప్లాస్మా ఎక్కిస్తే దాత రక్తంలోని కారకాలే మనకు కనిపిస్తాయి.

2005లో ఫ్రాన్స్ వైద్యులు ఒక నియమం ప్రకటించారు. కాలేయం కోసిన ఐదవ రోజున ప్రోత్రాంబిన్ 50 శాతం కంటే తక్కువ, బిలిరుబిన్ లీటరుకు 50 మైక్రోమోళ్ల కంటే (డెసిలీటరుకు సుమారు 3 మిల్లీగ్రాములు) ఎక్కువ ఉంటే ప్రాణాపాయం చాలా ఎక్కువ. 2011లో అంతర్జాతీయ నిపుణుల బృందం కూడా ఐదవ రోజునూ, ఆ తర్వాతి రోజులనూ ప్రమాణంగా తీసుకుంది. ఈ నియమాలు మేలైనవే. కానీ ఐదవ రోజు దాకా ఆగడం రోగికి చాలా దీర్ఘకాలం. ఆ లోపలే కాలేయం దారి ఎటో చెప్పే గుర్తుల కోసం వెతుకుతూ శాస్త్రజ్ఞులు అమైనో ఆమ్లాల వైపు చూశారు.

6. ఆపరేషన్ తర్వాత ఏం చూస్తారు?

ఆరోగ్యమైన కాలేయంలో సుమారు 25 నుంచి 30 శాతం మిగిలినా మనిషి బతకగలడు, కాలేయం తిరిగి పెరగగలదు. సిర్రోసిస్ ఉన్నవారికి అంతకంటే ఎక్కువ, సుమారు 40 శాతం మిగలాలి. మిగిలిన ముక్క తనను తాను పెంచుకుంటూనే మొత్తం శరీరానికి పని చేయాలి. ఈ రెండు బరువులూ ఒకేసారి మోయలేకపోతే టైరోసిన్, ఫినైల్ అలనిన్ దిగకుండా నిలబడతాయి. మోయగలిగితే మెల్లగా మామూలు స్థితికి వస్తాయి. కాలేయ మార్పిడిలోనూ అంతే. అమర్చిన కాలేయం పని మొదలుపెట్టిందంటే అంతకుముందు పేరుకున్న అమైనో ఆమ్లాలను రక్తం నుంచి లాగడం మొదలవుతుంది.

ఇంకో పద్ధతి మట్టాన్ని కాక వేగాన్ని చూస్తుంది. నిమిషానికి ఎంత రక్తం నుంచి అమైనో ఆమ్లాలు తొలగిపోతున్నాయో లెక్క కడతారు. 1987లో అమెరికాలో పెర్ల్, క్లోస్ తదితరులు సిర్రోసిస్ రోగుల మీద ఈ పరిశీలన చేసి ప్రచురించారు. ఆపరేషన్ తర్వాత ఎవరికి ఇబ్బంది, ఎవరికి ప్రాణాపాయం అన్నది ముందుగా సూచించడానికి ఈ వేగం పనికివస్తుందని వారు చూపారు. మరో పద్ధతిలో గుర్తు పెట్టిన కార్బన్ ఉన్న ఫినైల్ అలనిన్‌ను ఇచ్చి, రోగి వదిలే ఊపిరిలో ఆ కార్బన్ ఎంత వేగంగా వస్తుందో చూస్తారు. సూది గుచ్చకుండానే కాలేయం పని తెలుస్తుంది.

7. ఎలా కొలుస్తారు?

డిగ్రీ ప్రయోగశాలలో కాగితపు క్రోమటోగ్రఫీ చేసిన వారికి నిన్‌హైడ్రిన్ తెలుసు. 1910లో రూహెమన్ తయారు చేసిన ఈ పదార్థం చల్లి వేడి చేస్తే అమైనో ఆమ్లాలు ఊదారంగు చుక్కలుగా కనబడతాయి. ప్రోలిన్ ఒక్కటి పసుపుగా కనబడుతుంది. మన వేలికి తగిలితే వేలు కూడా ఊదాగా మారుతుంది, ఎందుకంటే చెమటలోనూ అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఈ రంగునే కొలిచే స్వయంచాలక యంత్రాన్ని 1958లో స్టాన్‌ఫర్డ్ మూర్, విలియం స్టైన్, స్పాక్‌మన్ రూపొందించారు. మూర్, స్టైన్‌లకు 1972లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అది రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైము మీద చేసిన పనికి. ఇప్పుడు ద్రవ క్రోమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రాలు కొద్ది రక్తంతోనే ఈ కొలతలు ఇస్తున్నాయి.

రంగు చూసి రక్తంలోని పదార్థాన్ని కొలిచే విద్యలో మన తెలుగువాడి పేరు కూడా చిరస్థాయిగా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా అది పాఠ్యపుస్తకాలలో నిలిచింది.

అమైనో ఆమ్లాల మీద పరిశోధన మన హైదరాబాదులోనూ జరిగింది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. జొన్న తినే పేదలలో కనిపించే పెలాగ్రా వ్యాధికి జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ కారణం కావచ్చని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో ప్రతిపాదించారు. ఒక అమైనో ఆమ్లం ఎంత ఉందన్నదే కాదు, మిగతా వాటితో పోలిస్తే ఎంత ఉందన్నది ముఖ్యమని ఆ పని కూడా చెబుతుంది.

8. ఈ పరీక్షకు ఉన్న హద్దులు

ఏ పరీక్షా దేవుడు కాదు. ఈ పరీక్షను చదివేటప్పుడు గుర్తుంచుకోవలసినవి:

(అ) పరగడుపున తీసిన రక్తమే మేలు. భోజనం తర్వాత అంకెలు మారిపోతాయి.

(ఆ) రక్తం తీసిన వెంటనే చల్లగా ఉంచి ప్లాస్మాను వేరు చేయాలి. ఆలస్యమైతే కణాలలోని అమైనో ఆమ్లాలు బయటికి వచ్చి లెక్క చెడుతుంది.

(ఇ) చీము పట్టే ఇన్ఫెక్షన్, మూత్రపిండాల జబ్బు, పోషకాహార లోపం కూడా ఈ అంకెలను మారుస్తాయి.

(ఈ) శాఖాయుత అమైనో ఆమ్లాలను మందుగా ఇస్తే నిష్పత్తి దానంతట అదే పెరుగుతుంది. మన రెండో రోగికి మరో 200 చేరితే 470 ÷ 210 = 2.24 వస్తుంది. కింది 210 మాత్రం కదలలేదు. అంటే కాలేయం బాగుపడలేదు, పైనుంచి పోసిన నీళ్లే కనిపిస్తున్నాయి.

(ఉ) ఒక్క రోజు అంకె కంటే వరుసగా కొన్ని రోజుల అంకెలు నమ్మదగినవి.

ఈ కారణాల వలన, ఖర్చు వలన కూడా, మన దగ్గర చాలా ఆసుపత్రులలో ఈ పరీక్ష రోజువారీగా చేయరు. బిలిరుబిన్, ప్రోత్రాంబిన్ సమయాలకు ఇది తోడు మాత్రమే, వాటికి బదులు కాదు.

9. ఈ పాఠం మన ఇళ్లకు ఎందుకు?

కాలేయం జబ్బు అనగానే మన పల్లెల్లో మొదట వచ్చే మాట పథ్యం. పప్పు వద్దు, గుడ్డు వద్దు, కూర వద్దు, చప్పిడి మెతుకులు, మజ్జిగ చాలు అంటారు. అమ్మోనియా మాంసకృత్తుల నుంచే పుడుతుంది గనుక పూర్వం వైద్యులు కూడా మాంసకృత్తులు తగ్గించమనేవారు. కానీ మూడవ భాగంలో చూసినట్టు, కాలేయం చేయలేని పనిని కండరం కొంత భుజాన వేసుకుంటుంది. పథ్యంతో ఆ కండరమే కరిగిపోతే అమ్మోనియాకు దిక్కెవరు? అందుకే ఇప్పటి వైద్య మార్గదర్శకాలు సిర్రోసిస్ రోగులకు రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు ఇవ్వమంటున్నాయి. అంటే 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. రాత్రంతా కడుపు ఖాళీగా ఉండకుండా పడుకునే ముందు కొంచెం తినమంటున్నాయి. ఏ రోగికి ఎంత అన్నది డాక్టరే చెప్పాలి. కానీ ఎవరో చెప్పిన మాట మీద రోగిని ఎండగట్టడం తగదని మనం ఇంట్లో చెప్పగలగాలి.

శాఖాయుత అమైనో ఆమ్లాలను మందుగా ఇస్తే మెదడు మందగింపు తగ్గుతుందని పరిశోధనలు చూపాయి. మరణాలు తగ్గుతాయని మాత్రం రుజువు కాలేదు. కాబట్టి డబ్బా మీద బొమ్మ చూసి సొంతంగా కొని వాడటం పనికిరాదు.

కామెర్లకు పసరు తాగించి, వారాలు గడిచాక ఆసుపత్రికి తీసుకుపోవడం ఇంకో అలవాటు. కొన్ని కామెర్లు వాటంతట అవే తగ్గుతాయి గనుక పసరుకు పేరొస్తుంది. పిత్తనాళం మూసుకున్న కామెర్లు, కాలేయం కుళ్లుతున్న కామెర్లు అలా తగ్గవు. ఏ రకమో రక్త పరీక్ష లేకుండా కంటితో చెప్పడం సాధ్యం కాదు.

కాలేయం జబ్బు ఉన్న మనిషి పగలు నిద్రపోయి రాత్రి మేలుకొని ఉండటం, చేతిరాత మారిపోవడం, చేతులు చాపితే రెక్కలు కొట్టుకున్నట్టు కదలడం, మాట తడబడటం కనిపిస్తే అది అలసట కాదు, దెయ్యం కాదు. మెదడుకు విషం చేరుతోందన్న గుర్తు. 1971లో ఫిషర్, బాల్డెస్సారిని దీనికి ఒక కారణం ప్రతిపాదించారు. మెదడులోకి వెళ్లే ఒకే గుమ్మం గుండా రెండు వర్గాల అమైనో ఆమ్లాలూ వెళ్లాలి. ఒక వర్గం తగ్గినప్పుడు రెండో వర్గం తోసుకుని లోపలికి పోయి, అక్కడ నకిలీ సంకేతాలుగా మారుతుందని వారి ఆలోచన. అమ్మోనియా పాత్ర అంతకంటే పెద్దదని తర్వాత తేలింది. ఏమైనా ఆ గుర్తులను మొదట చూసేది డాక్టరు కాదు, పక్కన పడుకున్న ఇంటివాళ్లే. అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఆపరేషన్ అంటే పెద్దవాళ్ల సంగతి అని నిరాశ పడనక్కరలేదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. జీవన్‌దాన్ పథకం ద్వారా చనిపోయిన దాతల అవయవాలు రోగులకు అందుతున్నాయి. హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రిలో, ప్రభుత్వ వైద్యుల చేతుల మీదుగా కాలేయ మార్పిడి ఆపరేషన్లు జరిగాయి. అన్నిటికంటే ముందు, జబ్బు రాకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది. హెపటైటిస్ బి టీకా వేయించుకోవాలి. గుడుంబా, సారా జోలికి పోకూడదు. జ్వరం బిళ్లలు డాక్టరు చెప్పిన మోతాదు దాటకూడదు.

10. మననం చేసుకోండి

1) కాలేయం పనికి, కాలేయం దెబ్బకు తేడా ఏమిటి? ఎస్‌జీపీటీ దేనిని చెబుతుంది?

2) ఒక రోగికి మూడవ రోజు వాలిన్ 160, ల్యూసిన్ 90, ఐసోల్యూసిన్ 50, ఫినైల్ అలనిన్ 90, టైరోసిన్ 110. ఆరవ రోజు అవే వరుసగా 200, 110, 50, 60, 75. రెండు రోజుల ఫిషర్ నిష్పత్తి కట్టండి. కాలేయం ఎటు పోతోంది? (జవాబు: 1.5, 2.67. కోలుకుంటోంది. అయితే ఆ మధ్య అమైనో ఆమ్లాల సీసా ఎక్కించారేమో కేస్ షీట్‌లో చూడాలి.)

3) ప్లాస్మా ఎక్కించిన రోగిలో ప్రోత్రాంబిన్ సమయాన్ని ఎందుకు జాగ్రత్తగా చదవాలి?

4) కాలేయ రోగికి కండరం ఎందుకు ముఖ్యం?

మిత్రులారా! మన ఇళ్లలో చాలామందికి రిపోర్టు చేతికి వస్తే చదివి చెప్పేవారు ఉండరు. కింద ఎర్ర గీత ఉంటే భయపడతారు, లేకపోతే అంతా బాగుందనుకుంటారు. ఆ కాగితాన్ని పట్టుకుని "డాక్టరుగారూ, నిన్నటి కంటే ఈ రోజు పెరిగిందా, తగ్గిందా? ఎందుకు?" అని మర్యాదగా అడగగలిగేది చదువుకున్న మనమే. మన హాస్టల్ నుంచి రేపు నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు, డాక్టర్లు కావలసిన వారున్నారు. జీవశాస్త్రం పుస్తకంలో కాలేయం బొమ్మ గీసి భాగాలు గుర్తించడంతో ఆగకండి. అది ఏం తీసుకుంటుంది, ఏం తయారు చేస్తుంది, ఏం బయటికి పంపుతుంది అని అడుగుతూ చదవండి. లెక్కల పీరియడ్‌లో నేర్చుకున్న నిష్పత్తి ఒక మనిషి ప్రాణానికి అక్కరకు వస్తుందని మరచిపోకండి.